గని గోడ ముందే చెబుతుంది – వినేదెవరు?

మహానంది కోనేటి నీళ్లు నడి వేసవిలో కూడా ఎండవని మన నంద్యాల జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. నల్లమల మీద కురిసిన వాన రాతి నెర్రెల్లోకి ఇంకుతుంది, లోలోపలే నడుస్తుంది, కొండ మొదట్లో ఊటగా పైకి వస్తుంది. గుడి కోనేర్లు నింపి, కింద వరిమళ్లకూ అరటి తోటలకూ పారుతుంది. ఆ తోటల్లో గెలలు కోసి, భుజాన మోసి, లారీలకెత్తే కూలీలు మా వ్యవసాయ కార్మిక సంఘం సభ్యులు.

అయితే అరటి తోట ఏడాది పొడుగునా అందరికీ పని పెట్టదు. కె.సి. కాలువకు నీళ్లు ఆలస్యమైనా, గాలివానకు తోటలు నేలకొరిగినా, ధర పడిపోయి రైతు గెల కోయించకపోయినా కూలికి పస్తే. అప్పుడు మనవాళ్లు బట్టలు మూటగట్టుకుని నంద్యాలలో రైలెక్కుతారు. పాణ్యం దాటితే బేతంచెర్ల. అక్కడ నాపరాళ్ల గనులు. కొందరు బనగానపల్లె వైపు పోతారు, ఇంకొందరు కడప జిల్లాలో ఎర్రగుంట్ల వైపు పోతారు. పొలంలో వంగిన నడుమే గనిలోనూ వంగుతుంది. అందుకే గనిలో కూలి చచ్చిపోతే, అది గని కార్మికుల సమస్య అని పక్కకు పెట్టడానికి మాకు వీల్లేదు. ఈ శీర్షికలో ఈసారి పైర్ల గురించి కాక రాతిగని గోడల గురించి రాయడానికి కారణం అదే.

మా తప్పు ముందు చెప్పుకుంటాం

కొన్నేళ్ల కిందటి మాట. ఆగస్టు నెల. మూడు రోజులు ముసురు పట్టి అప్పుడే తెరిపిచ్చింది. మహానంది పక్క పల్లెల కూలీలు పని చేస్తున్న ఒక నాపరాళ్ల గనికి మేము పోయినాం. బండల రేటు పెంచాలని మాట్లాడటం మా పని. పొద్దున తొమ్మిదయింది.

మాతోపాటు గట్టు మీద నిలబడిన ఒక పెద్దాయన నేల మీద నెర్రె చూపించినాడు. గని అంచుకు రెండు బారల దూరంలో, అంచు వెంబడే సన్నగా పోతోంది. "మేస్త్రీకి చెప్తి. నిన్నా ఉండె, మొన్నా ఉండె, సాయంత్రానికి లోడు పోవల్ల అన్నాడు. మీరన్నా చెప్పండప్పా" అన్నాడు. మేము చూసినాం. వేలు దూరేంత ఉంది. "మధ్యాహ్నం మాట్లాడదాం పెద్దాయనా, ముందు రేటు సంగతి తేలనీ" అన్నాం.

మధ్యాహ్నం అన్నం పొద్దుకు ఎండ చురుక్కుమంది. గనిలో చెట్టు నీడ ఎక్కడిది? ఉన్న నీడంతా గోడ నీడే. సద్దిమూటలు విప్పి అందరూ గోడ మొదట్లో కూర్చున్నారు. పైనున్న నల్లమట్టి, దాంతోపాటు పై వరుస బండలు ఒక్కసారి దిగినాయి. ఒక తల్లి అక్కడికక్కడే పోయింది. ఒక పిల్లోడికి కాలు తీసేసినారు. పెద్దాయన ఆ గోడ కింద కూర్చోలేదు, దూరంగా ఎండలోనే కూర్చున్నాడు.

శవాన్ని ఊరికి తెచ్చినాం. ధర్నా చేసినాం. పరిహారం కొంత ఇప్పించినాం. పదకొండో రోజు పెద్దాయన మా దగ్గరికి వచ్చి ఒక్క మాటే అన్నాడు: "మీకు చెప్తి గదప్పా."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. యాజమాన్యం లాభం కోసం వినలేదు. మేస్త్రీ లోడు కోసం వినలేదు. మరి సంఘం ఎందుకు వినలేదు? కూలి రేటు మాత్రమే సంఘం పని, గోడ సంగతి ఇంజనీర్ల పని అనుకోవడం వల్ల వినలేదు. ప్రాణం పోయినాక పరిహారం బేరమాడటం మాకు బాగా వచ్చు. ప్రాణం పోకముందు గోడ చూడటం మాకు రాలేదు. ఆ తర్వాత నేర్చుకున్నాం. చట్టం పుస్తకాలు చదివినాం, గని పని తెలిసినవాళ్లను అడిగినాం, గట్ల మీద తిరిగినాం. నేర్చుకున్నది కూలీలందరికీ చెప్పడం ఇప్పుడు మా బాధ్యత.

గోడ ఎందుకు కూలుతుంది?

బావి తవ్విన చేతులకు ఇది కొత్త విద్య కాదు. మెత్తని నేలలో బావి తవ్వేటప్పుడు దరిని నిట్టనిలువుగా దించరు. మెట్లు మెట్లుగా దించుతారు, లేదంటే వాలుగా తీస్తారు. శెనక్కాయలు రాశి పోస్తే ఆ రాశి తనంతట తాను ఒక వాలులో నిలబడుతుంది. అంతకంటే నిటారుగా పొయ్యాలని చూస్తే జారిపోతుంది. మట్టి కూడా అంతే. తేడా ఏమంటే, మట్టి కొన్నాళ్లు నిటారుగా నిలబడినట్టు నటిస్తుంది. వాన పడిన రోజు ఆ నటన ముగుస్తుంది.

మన కుందూ లోయలో రాయి మీద నల్లరేగడి ఉంటుంది. రేగడి ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రె మీరు పొలంలో చూసే ఉంటారు. గని అంచున అదే నెర్రె పడితే, తొలి వానకు నీళ్లు నేరుగా గోడ వెనక్కి దిగుతాయి.

ఇక రాయి సంగతి. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద పుస్తకం రాసినాడు. ఈనాటికీ శాస్త్రజ్ఞులు ఇక్కడి రాతి పొరలను మన ఊళ్ల పేర్లతోనే పిలుస్తారు: బనగానపల్లె, నర్జి, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. నర్జి పొర అంటే సున్నపురాయి. ఇళ్లలో పరిచే బండలు వచ్చేది దీంట్లోంచే. ఈ రాయి పుస్తకం పుటల్లాగా పొర మీద పొరగా ఉంటుంది. పొరల సందులో గడ్డపార పెట్టి ఎత్తితే బండ లేస్తుంది. మన కూలికి బండ ఇచ్చేది ఆ సందే, మన మీద గోడ పడేసేది కూడా ఆ సందే. ఈ సంగతి బండ కొట్టే ప్రతి మనిషీ గుర్తుంచుకోవాలి.

బేతంచెర్ల వైపు పొరలు చాలాచోట్ల దాదాపు చాపలాగా పరిచినట్టు ఉంటాయి. అట్లాంటిచోట మొత్తం గోడ జారడం తక్కువ. ప్రమాదం రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, పైనున్న మట్టి కూలడం. రెండు, కింద మంచి బండ ఉందని కిందనే తొలుచుకుంటూ పోతే పై వరుసలు చూరులాగా ముందుకు పొడుచుకొచ్చి విరిగి పడటం.

నల్లమల వైపు సంగతి వేరు. అక్కడ భూమి లోపలి ఒత్తిడికి పొరలు మడతలు పడి, ఏటవాలుగా, కొన్నిచోట్ల నిలువుగా లేచినాయి. విస్తరాకుల కట్టను పీట మీద పెట్టి పీటను ఒక పక్క ఎత్తి చూడండి. కొంతవరకు కదలవు, ఆ తర్వాత పై ఆకులు ఒక్కసారి జారతాయి. పొరల వాలు గని గుంత వైపు ఉంటే, కింది అడుగును మనం కోసేస్తే, పైది జారడానికి దారి ఇచ్చినట్టే. గరుకు రాయి గరుకు రాయి మీద సుమారు 30 డిగ్రీల వాలు దాకా నిలబడగలదు. మధ్యలో తడిసిన బంకమన్ను పొర ఉంటే అందులో సగం వాలుకే జారొచ్చు. పొరలు గోడ లోపలికి, అంటే గుంతకు అవతలి పక్కకు వాలి ఉంటే జారుడు భయం తగ్గుతుంది. కాబట్టి పనికి దిగేముందు మొదటి ప్రశ్న: పొరలు ఎటు వాలినాయి?

గ్రానైటుకు నాపరాయిలాగా పొరలుండవు. కానీ నెర్రెలుంటాయి. రెండు నెర్రెలు గోడ లోపల ఒకదాన్నొకటి కోసుకుంటే మధ్యనున్న రాయి గొడ్డలి మొనలాగా తయారై జారి వస్తుంది. నిలువు నెర్రెలు దగ్గర దగ్గరగా ఉంటే రాయి స్తంభాలుగా విడిపోయి ముందుకు పొర్లుతుంది.

వీటన్నిటికీ మేస్త్రీ నీళ్లు. 3 మీటర్ల లోతు నెర్రె నిండా నీళ్లు నిలిస్తే, ఆ నెర్రె పొడవు ప్రతి మీటరుకూ సుమారు నాలుగున్నర టన్నుల బలంతో గోడను బయటికి నెడతాయి. నెర్రె వేలెడు వెడల్పే గదా అనుకోవద్దు. నీళ్ల నెట్టుడు వెడల్పును బట్టి కాదు, లోతును బట్టి ఉంటుంది. మహానంది కొండలో ఆ నీటికి బయటపడే దారి ఉంది కాబట్టి కోనేరయింది. గని గోడ వెనక దారి లేక నిలిచిన నీరు గోడను తోసుకుని బయటికొస్తుంది.

రాయి బరువు కూడా ఒక్కసారి లెక్కేసుకుందాం. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు సున్నపురాయి సుమారు 2,600 కిలోలు తూగుతుంది. అరటి గెల 25 కిలోలనుకుంటే నూరు గెలల పైమాటే. టోపీ పెట్టుకోవాలి, చిన్న రాయి నుంచి అది తల కాపాడుతుంది. గోడ నుంచి టోపీ కాపాడదు. టోపీ ఇచ్చినాం, మా పని అయిపోయింది అనే యాజమాన్యానికి ఈ లెక్క చెప్పండి.

గోడ చెప్పే గుర్తులు

గోడలు చాలావరకు చెప్పే కూలుతాయి. ఆ భాష నేర్చుకోవడానికి చదువు అక్కర్లేదు.

ఒకటి, గట్టు మీద అంచు వెంబడి కొత్త నెర్రె. ఉన్న నెర్రె పెరుగుతోందో లేదో తెలియడానికి నెర్రెకు అటొక మేకు, ఇటొక మేకు కొట్టండి. మధ్య దూరం రోజూ పొద్దున టేపుతో కొలిచి ఒక నోటుబుక్కులో తేదీతో రాయండి. టేపు లేకుంటే నెర్రె మీద అడ్డంగా సిమెంటు పట్టీ వెయ్యండి. పట్టీ పగిలితే నేల కదిలినట్టే. నిన్నటికీ ఇవాళ్టికీ దూరం పెరిగితే ఎవరూ దిగొద్దు.

రెండు, చిన్న రాళ్లూ మట్టీ ఆగకుండా రాలడం. గోడ కదిలేముందు అలా రాలుస్తుంది.

మూడు, ఎప్పుడూ లేనిచోట గోడలో చెమ్మ, ఊట. ఎప్పుడూ వచ్చే ఊట ఉన్నట్టుండి నిలిచిపోవడం కూడా మంచిది కాదు, నీళ్లు లోపల నిలుస్తున్నాయేమో చూడాలి.

నాలుగు, గట్టు మీద చెట్టో, కంచె రాయో గుంత వైపు ఒరగడం. గోడ మధ్యలో ఉబ్బడం.

ఐదు, శబ్దం. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం గదా. గడ్డపారతో రాయిని తట్టితే గట్టి రాయి ఖంగుమంటుంది, విడిపోయిన రాయి డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగిన రాయి కింద నిలబడొద్దు.

వాన వెలిసినాక, తూటా పేల్చినాక, రెండు మూడు రోజులు పని ఆగినాక, ఈ మూడు సందర్భాల్లో గోడ తప్పనిసరిగా చూడాలి. వదులు రాళ్లు పైనుంచి కిందికి వరుసగా తియ్యాలి. తీసే మనిషి నడుముకు మోకు కట్టి, మోకును వెనక గట్టి రాయికో, బలంగా పాతిన ఇనుప మేకుకో కట్టాలి. అప్పుడు కింద పురుగు కూడా ఉండకూడదు. గని పైన అంచుకు దూరంగా అడ్డుకాలువ తీసి వాననీరు గుంతలోకి దిగకుండా పక్కకు మళ్లించాలి. పారిపోవడానికి దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ట్రాక్టరు ఆ దారికి అడ్డం నిలపకూడదు.

మా పెద్దాయన నేర్పిన పాఠం ఒకటి కలుపుతాం: గోడ నీడలో అన్నం తినొద్దు, పసిబిడ్డను పండుకోబెట్టొద్దు. గోడకు దూరంగా నాలుగు గుంజలు పాతి తాటాకు పందిరి వెయ్యమని అడగండి. ఇదేమీ కోట్ల ఖర్చు కాదు.

చట్టంలో ఏముంది?

రాతిగనులకు వర్తించే 1961 లోహ గనుల నిబంధనల్లో 106వ నిబంధన గోడల గురించే. మట్టి, మొరం, కంకర లాంటి మెత్తని నేలలో గోడ వాలు 45 డిగ్రీలు దాటకూడదు, అంటే ఎంత ఎత్తో అంత వెనక్కి పోవాలి. లేదంటే మెట్లు తియ్యాలి. మెట్టు ఎత్తు ఒకటిన్నర మీటరు మించకూడదు, వెడల్పు ఎత్తుకు తగ్గకూడదు. గట్టి రాతిలో మెట్టు ఎత్తు 6 మీటర్లు దాటకూడదు. అంచుకు 3 మీటర్లలోపు చెట్టు గానీ, వదులు రాయి గానీ, చెత్త గానీ ఉండకూడదు. కింద తొలిచి పైభాగం చూరులాగా వేలాడేటట్టు చెయ్యకూడదు. అధికారి అనుమతితో కొన్నిటికి మార్పులుండొచ్చు. కానీ అనుమతి కాగితం చూపించమని అడిగే హక్కు మనకుంది. మా గనిలో ఆ రోజు ఈ నిబంధనలో ఒక్కటీ పాటించలేదు.

ఎందుకు పాటించరు? లెక్క చిన్నదే. 30 మీటర్ల పొడవు గోడ మీద 3 మీటర్ల మందం మట్టి ఉందనుకుందాం. దాన్ని ఒక్క మీటరు వెనక్కి జరపాలంటే 90 ఘనపు మీటర్లు, సుమారు 150 టన్నుల మట్టి తియ్యాలి. అందులో అమ్ముకోవడానికి ఒక్క బండ రాదు. మెట్టు వదిలితే మెట్టు కిందున్న బండ కూడా అక్కడే ఉండిపోతుంది. యజమాని దృష్టిలో వాలు, మెట్టు రెండూ నష్టమే. ఆ నష్టాన్ని తప్పించుకోవడానికి కూలి ప్రాణం పందెం పెడుతున్నాడు.

1952 గనుల చట్టంలోనే ఒక పెద్ద సందు ఉండేది. ఇంటి రాయి, కంకర, సున్నపురాయి లాంటివి తీసే బయటి గని లోతు 6 మీటర్లు దాటకుండా, రోజుకు 50 మంది మించకుండా, పేలుడు మందు వాడకుండా ఉంటే చట్టంలో చాలా భాగం దానికి వర్తించదన్నారు. 6 మీటర్ల గోడ కూలితే మనిషి చావడా? పైగా ఒకే గనిని ముక్కలు ముక్కలుగా చూపించి తప్పించుకోవడానికి ఈ సందు పనికొచ్చింది. 1955 గనుల నిబంధనల్లో కార్మికుల తరఫు తనిఖీదారు ఉండాలన్నారు, కానీ 500 మంది పనిచేసే గనిలో. భద్రతా కమిటీ ఉండాలన్నారు, కానీ 100 మందికి పైగా పనిచేసే గనిలో. పదిమంది, ఇరవైమంది పనిచేసే బండల గనికి ఏదీ లేదు. ఎక్కడ ప్రమాదం ఎక్కువో అక్కడ చట్టం పలచన.

2025 నవంబరు 21 నుంచి కేంద్ర ప్రభుత్వం నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. 1952 గనుల చట్టం స్థానంలో 2020 వృత్తి భద్రత కోడ్ వచ్చింది. కొత్తదానికి విరుద్ధం కానంతవరకు పాత నిబంధనలు కొనసాగుతాయన్నారు. ఆ కోడ్‌లో 14వ సెక్షన్ చదివినాం. ప్రాణాపాయం ఉందని గట్టి అనుమానం వస్తే కార్మికుడు యజమానికీ, ఇన్‌స్పెక్టరుకూ చెప్పొచ్చట. యజమానికి నమ్మకం కలిగితే సరిచేస్తాడట, నమ్మకం కలగకపోతే ఇన్‌స్పెక్టరుకు పంపుతాడట. చెప్పే హక్కు ఇచ్చినారు. ఆ ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా కూలి ఎక్కడ నిలబడాలి? గోడ కిందనేనా? పక్కకొస్తే కూలి ఎవరిస్తారు? ఈ ప్రశ్నలకు ఆ సెక్షన్‌లో జవాబు లేదు.

ప్రపంచ కార్మికులు ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు సాధించుకున్నారు. 1995లో అంతర్జాతీయ కార్మిక సంస్థ గనుల భద్రతపై 176వ ఒడంబడిక చేసింది. తీవ్ర ప్రమాదం ఉందని సహేతుకంగా తోచినప్పుడు ఆ చోటు వదిలి వచ్చే హక్కు కార్మికుడిదని అందులో రాసింది. దాన్ని ఆమోదించిన దేశాల్లో మన దేశం లేదు.

ఒకరొకరుగా చస్తే వార్త కాదు

2018 ఆగస్టు 3న కర్నూలు జిల్లా హత్తిబెళగల్ క్వారీలో పేలుడు జరిగి పదిమందికి పైగా కూలీలు మాడిపోయినారు. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె దగ్గర ముగ్గురాళ్ల గనిలో జిలెటిన్ కడ్డీలు దించుతుండగా పేలి పదిమంది చనిపోయినారు. ఈ రెండూ మందుగుండు ప్రమాదాలు. రాష్ట్రమంతా వినబడినాయి. మంత్రులు వచ్చినారు, విచారణలన్నారు.

2025 ఆగస్టు 3న బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర గ్రానైటు క్వారీలో పైనుంచి రాళ్లు విరిగిపడి ఆరుగురు చనిపోయినారు. అందరూ ఒడిశా నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు. నీళ్లు ఊరి రాయి వదులై ఉంటుందని అధికారులే మొదట అనుమానం చెప్పినారు. నీళ్లు రాత్రికి రాత్రి ఊరవు గదా? ఆ తేమను ఎవరూ చూడలేదా? చూసినా చెప్పే భాష, చెప్పే ధైర్యం, వినే మనిషి ఉన్నారా? ఊరుగాని ఊరిలో గుత్తదారుడి అడ్వాన్సు తీసుకుని వచ్చిన కూలికి "నేను దిగను" అనే మాట ఎంత బరువో మనకు తెలుసు. మన పల్లెల నుంచి వలస పోయినవాళ్ల పరిస్థితి అదే.

ఆరుగురు ఒకేసారి పోయినారు కాబట్టి అది వార్తయింది. ఒక గనిలో ఒక కూలి, ఇంకో గనిలో ఒక కూలి పోతే పేపర్లో మూలన నాలుగు వరుసలు వస్తే గొప్ప.

గనిలోంచి తీసిన చెత్త గుట్ట సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1966 అక్టోబరు 21న వేల్స్ దేశంలో అబర్‌ఫాన్ అనే ఊరి మీద బొగ్గుగని చెత్త గుట్ట జారిపడింది. 144 మంది చనిపోయినారు. వాళ్లలో 116 మంది పిల్లలు, చాలామంది బడిలో కూర్చున్నవాళ్లు. ఆ గుట్టను నీటి ఊటల మీద పోసినారు. ప్రమాదం ఉందని ఊరివాళ్లు అంతకుముందే మొరపెట్టుకున్నారు. విచారణ ట్రిబ్యునల్ ప్రభుత్వ బొగ్గు బోర్డుదే బాధ్యత అని తేల్చింది. 1969లో అక్కడ చెత్త గుట్టల మీద ప్రత్యేక చట్టం వచ్చింది. మన దేశంలో 2016 డిసెంబరు 29న జార్ఖండ్ లాల్‌మటియా బొగ్గుగనిలో మట్టి గుట్ట జారి 23 మంది సమాధి అయినారు. కాబట్టి గని అంచున, వాగు దారిలో, ఊట ఉన్నచోట చెత్త పోస్తుంటే అది గుడిసెల్లో నిద్రపోయేవాళ్ల సమస్య కూడా.

అసలు ముడి ఎక్కడుంది?

ఇన్ని గుర్తులు తెలిసినా కూలి ఎందుకు దిగుతాడు? తెలివి తక్కువై కాదు. కూలి బండ లెక్కన వస్తుంది కాబట్టి దిగుతాడు. ఎన్ని చదరపు అడుగుల బండ తీస్తే అంత కూలి. పొద్దున రెండు గంటలు గోడ చూసి, వదులు రాళ్లు తీసి, అడ్డుకాలువ సరిచేస్తే ఆ రెండు గంటల్లో ఒక్క బండ లేవదు. ఆ రెండు గంటల కూలి సున్న. యజమాని తప్పించుకున్న భద్రత ఖర్చు ఇట్లా కూలి కడుపు మీదికి వస్తుంది. ప్రాణం కాపాడుకోవాలంటే తిండి వదులుకోవాలి, తిండి కావాలంటే ప్రాణం పణం పెట్టాలి. ఈ ముడి విప్పకుండా "జాగ్రత్త" అని బోర్డులు రాసి పెడితే ఏం లాభం?

ఆ ఆగస్టు తర్వాత మా పద్ధతి మార్చుకున్నాం. ఏ గనికి పోయినా ముందు గట్టు మీద ఒక చుట్టు తిరిగి, ఆ తర్వాతే రేటు మాట్లాడతాం. ఒక వానాకాలం ఇంకో గనిలో నెర్రె ఒక్క రాత్రిలో రెండు వేళ్లు పెరిగింది. కూలీలంతా దిగమన్నారు. మేస్త్రీ తిట్టినాడు, వేరే ముఠాను తెస్తానన్నాడు. ఆ వేరే ముఠా కూడా పక్క మండలం కూలీలే. వాళ్ల దగ్గరికి ముందే మనిషిని పంపినాం, వాళ్లూ దిగలేదు. చివరికి వదులు రాళ్లు తియ్యడానికి యజమాని ఒప్పుకున్నాడు, పూటకు సగం కూలి ఇచ్చినాడు.

నిజం చెప్పాలంటే ఆ వారం గోడ కూలలేదు. "ఏదీ, మీ గోడ పడలేదే" అని మేస్త్రీ ఎగతాళి చేసినాడు. మనవాళ్లలో కూడా కొందరు కూలి పోయిందని గొణిగినారు. కానీ ఆ రోజు మోకులు కట్టుకుని గడ్డపారలతో దించిన రాయి ఎంతో తెలుసా? రెండు ట్రాక్టర్ల లోడు. గడ్డపార మొన తగలగానే ఊడి వచ్చిన రాయి అది. అది తలల మీద పడకపోవడమే ఆ పోరాటం గెలుపు. జరగని ప్రమాదానికి ఊరేగింపు ఉండదు, అందుకే దాని విలువ మనమే గుర్తుపెట్టుకోవాలి.

మనం అడగాల్సినవి

వదులు రాళ్లు తీసే పని, గోడ చూసే పని, కాలువ తీసే పని, వీటన్నిటికీ రోజుకూలి కట్టివ్వాలి. బండ లెక్కలో వాటిని ముంచకూడదు.

ప్రమాదం కనబడి పక్కకొచ్చిన కూలికి ఆ రోజు కూలి పూర్తిగా ఇవ్వాలి, పనిలోంచి తియ్యకూడదు.

ఎంత చిన్న గని అయినా, పదిమంది పనిచేసినా, గోడ చూడటానికి కూలీలు ఎన్నుకున్న ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి రాసిన నోటుబుక్కుకు విలువ ఇవ్వాలి.

ప్రతి కూలి పేరూ హాజరు పుస్తకంలో ఉండాలి. పేరు లేకుంటే చనిపోయినాక "మా మనిషే కాదు" అంటారు. ఒడిశా కూలికీ, మన కూలికీ ఒకే కూలి, ఒకే పరిహారం ఉండాలి.

గనుల భద్రతా డైరెక్టరేట్ కేంద్ర కార్యాలయం ఎక్కడో ధన్‌బాద్‌లో ఉంది. లీజులిచ్చి రాయల్టీ వసూలు చేసే రాష్ట్ర గనుల శాఖ మన జిల్లాలోనే ఉంది. డబ్బు లెక్కపెట్టేవాడు దగ్గర, ప్రాణం లెక్కపెట్టేవాడు దూరం. రాయల్టీ వసూలు చేసే శాఖ గోడ వాలు కూడా చూసి, నిబంధన తప్పిన లీజును ఆపాలని జిల్లా కలెక్టరును అడుగుదాం.

కూలి సోదరులారా, అక్కచెల్లెళ్లారా! ఈ వానాకాలంలో మీరు ఏ గనికి పోయినా, దిగేముందు ముఠాలో ఒకరిని గట్టు మీదికి పంపండి. నెర్రె కనబడితే మేకులు కొట్టండి, కొలవండి, రాయండి. పెరిగితే అందరూ కలిసి ఆగండి. ఒక్కరు ఆగితే ఆ ఒక్కరిని తీసేస్తారు. ముఠా ఆగితే బేరానికి వస్తారు. పక్క గని ముఠాకు కూడా కబురు చెయ్యండి.

పెద్దాయన ఇప్పుడు గనికి పోలేడు, మోకాళ్లు పోయినాయి. మహానంది దగ్గర అరటి తోటకు కావలి ఉంటున్నాడు. మేము ఆ పక్క పోయినప్పుడల్లా ఒకే ప్రశ్న అడుగుతాడు: "గట్టు చూస్తిరా?" చూసినాం పెద్దాయనా, అని నిజంగా చెప్పగలిగినప్పుడే మేము సంఘం పని చేసినట్టు.